నాలుగెకరాల ప్రాక్సీ

స్పష్టంగా కనిపించడమంత దరిద్రం ఈ లోకంలో ఇంకొకటి లేదు! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. బాగా ఆలోచించి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి మరీ అంటున్నాను.

మీరే చెప్పండి. ఆధార్ కార్డు మీద మన ముఖం ఉన్నదున్నట్టు అచ్చయి ఉంటే దాన్ని జేబులో పెట్టుకుని తిరిగే ధైర్యం మనలో ఎంతమందికి ఉండేది? డాక్టరు రాసిన చీటీలో మందు పేరు చదవగలిగితే ఆయన మీద మనకు ఇంత గౌరవం మిగిలేదా? బస్టాండు మైకులో చెప్పే మాట ఒక్కటైనా అర్థమైతే, ఆదోని బస్సు రాదని ముందే తెలిసిపోయి, ఆశతో గడిపే ఆ రెండు గంటలు మనకు దక్కేవా?

మసక వల్లే మనిషి బతుకుతున్నాడు! ఇంత ఉపకారం చేసే మసకను పట్టుకుని చదువుకున్నవాళ్లు ‘లో రిజల్యూషన్’ అని చిన్నచూపు చూస్తున్నారు. వాళ్ల కళ్లు తెరిపించడానికే పత్తికొండ శివకుమార్ సంగతి చెప్పదలచుకున్నాను. తెరిచిన కళ్లతో వాళ్లు ఏం చేస్తారన్నది వాళ్లిష్టం.

శివకుమార్‌కు పత్తికొండలో ఒక వీడియో స్టూడియో ఉంది. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. టైలరు షాపుకూ చెప్పుల షాపుకూ మధ్య ఒక గది. గదిలో ఒక కంప్యూటరు, ఒక డ్రోను, భార్య నాగజ్యోతి. ఆమె ఆల్బములు చేస్తుంది, అతను వీడియోలు చేస్తాడు. పెళ్లయినా, గృహప్రవేశమైనా, కొత్త ట్రాక్టరుకు కొబ్బరికాయ కొట్టినా, నెత్తిమీద డ్రోను తిరగకపోతే ఇప్పుడు మా వైపు శుభకార్యం జరిగినట్టు లెక్క కాదు.

ఆ డ్రోను ఫోర్-కే లో తీస్తుంది. ఫోర్-కే అంటే ఏమిటో తెలియనివాళ్లు అదృష్టవంతులు. కల్యాణ మండపం పైన ఒక్క చుట్టు తిరిగిందంటే వెనకాల పారేసిన విస్తర్లు, విస్తర్లలో మిగిలిన మైసూరుపాకు, మూడో వరసలో నోరు తెరిచి నిద్రపోతున్న పెద్దాయన నోట్లోని పన్ను, మంత్రాల మధ్యలో ఫోను చూసుకుంటున్న పురోహితుడి ఫోనులో ఏముందో కూడా కనబడుతుంది. ఏ పెళ్లి తట్టుకుంటుందండీ ఇంత నిజాన్ని?

శివకుమార్ కంప్యూటరు కూడా తట్టుకునేది కాదు. అది పాతది, మర్యాదస్తురాలు. స్పేస్ బార్ నొక్కితే తాళి ఎత్తిన పెళ్లికొడుకు ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉండిపోయేవాడు. శివకుమార్ వెళ్లి టీ తాగి వచ్చేసరికి ఆ చేయి ఒక అంగుళం దిగేది. మూడు ముళ్లు పడేలోపు అతనికి కడుపులో మంట మొదలయ్యేది.

అప్పుడు దొరికింది ప్రాక్సీ. యూట్యూబులో ఎవరో హిందీలో చెబుతుంటే సగం అర్థం చేసుకుని, మిగతా సగం తానే కనిపెట్టాడు. అసలు ఫైలు జోలికి పోకుండా దానికి ఒక చిన్న మసక నకలు తయారు చేసుకోవాలి. కత్తిరింపులూ అతికింపులూ అన్నీ ఆ నకలు మీదే చేయాలి. పని పూర్తయ్యాక ‘ఇంక అసలువి తెచ్చుకో’ అని ఒక మీట నొక్కితే, కంప్యూటరు అసలు ఫైళ్లు వెతుక్కుని తళతళలాడే వీడియో తయారు చేసి ఇస్తుంది. ఆ నకలు పేరే ప్రాక్సీ.

ఎంత హాయి! పెళ్లికొడుకు చేయి ఎత్తాడు, దించాడు, ముడి వేశాడు. కంప్యూటరు కిమ్మనలేదు. ముఖాలు కొంచెం అలికినట్టు ఉంటే ఉన్నాయి, ఎవరి ముఖం ఎక్కడుందో పెళ్లివాళ్లకు తెలియదా?

కానీ అతనికి ఇంకో చిక్కు ఉంది. పత్తికొండలో పెళ్లి వీడియోను ఎడిటరుకు అప్పగించి ఇంటికి పోయే అలవాటు ఎవరికీ లేదు. పెళ్లికూతురి మేనమామ, పెళ్లికొడుకు అక్క, ఒక్కోసారి అన్నం క్యారియరుతో సహా వచ్చి ఎడిటరు కుర్చీ వెనక కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. డ్రోను తీసిన అసలు బొమ్మ రంగు దిద్దకముందు వెలిసిపోయిన పంచెలా ఉంటుంది. దాన్ని చూసి ఒక మేనమామ స్టూడియో అదిరేటట్టు అరిచాడు.

“ఏందప్పా ఇది? మా పెండ్లి మీద బూడిద పోసినట్ల ఉండాది! గోదావరి తట్టు పెండ్లిళ్లు యూట్యూబులో చూడు, ఎంత పచ్చగా ఉంటాండాయో!”

గోదావరి తట్టు పచ్చగా ఉండటానికి గోదావరి ఉందని ఆయనకు ఎవరు చెబుతారు? శివకుమార్ చెప్పలేదు. ఒక రంగుల మిశ్రమం తయారు చేసుకున్నాడు. దానికి ‘కోనసీమ’ అని పేరు పెట్టాడు. అది తగిలితే చాలు, ఎండుగడ్డి పచ్చిగడ్డి అవుతుంది, తుమ్మచెట్టు మామిడిచెట్టు అవుతుంది, పత్తికొండ గుట్టల మీద నాచు పడుతుంది. మేనమామలు వెనక కుర్చీలో కూర్చున్న మొదటి నిమిషం నుంచే పచ్చదనం చూడాలి కాబట్టి, ప్రాక్సీ తయారయ్యేటప్పుడే కోనసీమ దానంతటదే అందులో కలిసిపోయేటట్టు సెట్ చేసి పెట్టాడు. అసలు ఫైలు అసలు ఫైలుగానే ఉంటుంది, చివర్లో దానికి కోనసీమ చేత్తో నొక్కాలి. ప్రాక్సీ మాత్రం పుట్టడమే పచ్చగా పుడుతుంది.

మూడేళ్లు ఇలా గడిచాయి. ఎర్రనేలలో పుట్టి పెరిగిన శివకుమార్ కళ్లు రోజుకు పది గంటలు పచ్చదనంలో మేశాయి. అతనికి పచ్చ రంగు కనబడటమే మానేసింది. ఇది కూడా ఒక వరమే అని నేను గట్టిగా వాదిస్తాను.

ఇంతలో వానలు ఎగ్గొట్టాయి. జూన్‌లో ఒక మంచి వాన పడింది. దాన్ని నమ్మి అందరూ బుడ్డలు విత్తారు. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. ఆ తర్వాత మబ్బులు రోజూ వచ్చాయి, పలకరించి పోయాయి. మొక్కలు పూత పూసి, నేలలోకి దిగి కాయ పట్టే ఊడలు దిగే వేళకు భూమి ఇటుకలా గట్టిపడి ఊడను లోపలికి రానివ్వలేదు. సెప్టెంబరు నెలాఖరుకు చేలన్నీ చేత్తో నలిపితే పొడయ్యే స్థితికి వచ్చాయి.

శివకుమార్ తండ్రి ఈరప్పకు ఎర్రదిన్నె అనే ఊళ్లో నాలుగెకరాలు. అరవై దాటిన మనిషి. కరువు వచ్చిన ఏడల్లా ఊరి జనంతో కలిసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్లేవాడు. ఆ వలసను సుగ్గికి పోవడం అంటారు. ఇంటికి తాళం వేసి, గిన్నెలూ గొడ్డళ్లూ మూట కట్టుకుని, నాలుగు నెలలు పరాయి చేను గట్టు మీద టార్పాలిను కింద కాపురం. రెండేళ్ల క్రితం అక్కడే ట్రాక్టరు దిగుతూ పడి మోకాలు పోగొట్టుకున్నాడు. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి శివకుమార్ మాట ఇచ్చాడు, “ఇంక నిన్ను సుగ్గికి పంపను నాయనా” అని.

మాట నిలబడాలంటే ఈ ఏడు ఎర్రదిన్నె కరువు జాబితాలో ఎక్కాలి. ఎక్కితే ఊళ్లోనే ఉపాధి పనులు పెడతారు, వచ్చే ఏడు విత్తనం ఇస్తారు. ఎక్కకపోతే గుంటూరే.

సరిగ్గా అప్పుడే మండలానికి ఒక చల్లని ఉత్తర్వు వచ్చింది. ఏ మండలమో చెప్పను, చెబితే మీరు వెళ్లి చూస్తారు. ఇంతకుముందు పంట పోయిందో లేదో చూడటానికి సిబ్బంది ఎండలో చేలు తిరిగేవాళ్లు. ఇకమీదట ఆ కష్టం అక్కర్లేదట! ఊరికి కొన్ని సర్వే నంబర్లు ఏరి వాటి మీద డ్రోను తిప్పి, వీడియో చూసి తేల్చేయవచ్చట! చెప్పు కింద పల్లేరుకాయ గుచ్చుకోకుండా కరువును కనిపెట్టే శాస్త్రం ఇంత త్వరగా మన కాలంలోనే వస్తుందని ఎవరైనా అనుకున్నామా?

ఆ చుట్టుపక్కల డ్రోను ఉన్నవాడు శివకుమార్ ఒక్కడే. పిలుపు అతనికే వచ్చింది. ఎర్రదిన్నెలో ఏరిన నంబర్లలో ఈరప్ప చేను కూడా ఉందని తెలిసి అతని సంతోషం ఇంతా అంతా కాదు. మన చేను మనమే తీస్తాం, ఇంక అన్యాయం ఎట్లా జరుగుతుంది అనుకున్నాడు. అమాయకుడు.

తొమ్మిది ఊళ్లు నాలుగు రోజుల్లో తీశాడు. మామూలుగానే ప్రాక్సీలు చేసుకున్నాడు. ఊరి పేరూ సర్వే నంబరూ పడేటట్టు ఎడిటింగ్ చేశాడు. అసలు వీడియో రెండు వందల జీబీ దాటుతోంది కాబట్టి, ముందు సరిచూసుకోవడానికని ప్రాక్సీలతోనే ఒక కాపీ తీసి పెన్ డ్రైవులో వేసుకుని ఆఫీసుకు వెళ్లాడు.

ఆఫీసులో ఆ పని చూసేది సూపరింటెండెంటు వేణుగోపాల్. మంచివాడు, ఎవరినీ ఒక మాట అనడు, ఎండ పడదు. ఆయన కంప్యూటరు ముందు శివకుమార్ కంప్యూటరు పసిపిల్ల. పెన్ డ్రైవు పెడుతూ ఆయన ముఖం ఎప్పటిలా దిగులుగా పెట్టుకున్నాడు. అంతలో వీడియో ఆడింది. ఎక్కడా ఆగలేదు, వేడెక్కలేదు, గుండ్రంగా తిరిగే చక్రం రాలేదు.

“భలే చేసినావప్పా!” అన్నాడాయన. “చూడు, వెన్న మీద కత్తి పోయినట్టు పోతోంది. ఇదే పంపిద్దాం.”

“సార్, ఇది చూసేదానికి మాత్రమే సార్. కొంచెం మసగ్గా ఉంటాది. అసలుది హార్డ్ డిస్కులో ఉండాది, రేపు తెస్తా.”

“పైనున్నవాళ్లవి మాత్రం కొత్త కంప్యూటర్లా? వాళ్లను ఎందుకు ఇబ్బంది పెట్టేది? మసక అయితే ఏముంది, చేను చేనులా కనబడుతోంది కదా.”

మసకగా ఉన్నా ఎండింది ఎండినట్టే తెలుస్తుందిలే అనుకున్నాడు శివకుమార్. రంగు సంగతి అతనికి తోచనే లేదు. సాయంత్రానికల్లా తొమ్మిది ఊళ్ల నివేదిక పైకి వెళ్లిపోయింది. నివేదిక అంత వేగంగా వెళ్లడం ఆ ఆఫీసు చరిత్రలో అదే మొదటిసారి. ప్రాక్సీ మహిమ!

మరునాడు స్టూడియోలో అదే వీడియో ఆడుతుంటే నాగజ్యోతి ఆల్బము పని ఆపి తల తిప్పింది.

“ఇది ఏ ఊరి పెండ్లి?”

“పెండ్లి కాదు. మన ఎర్రదిన్నె. అది నాయన చేను.”

ఆమె లేచి వచ్చి దగ్గరగా చూసింది. “మామ చేన్లో ఇంత పచ్చదనం యాడనుంచి వచ్చెనబ్బా? పోయిన ఆదివారం నేనే కదా పోయింటి. ఆడ ఎనుము నోరు పెట్టేదానికి కూడా ఏం లేదు. కోనసీమ నొక్కితివా?”

“నొక్కలేదు,” అన్నాడు శివకుమార్. తెర వైపు మళ్లీ చూసి, “అదే నొక్కుకుంటాది” అన్నాడు.

హార్డ్ డిస్కు సంకలో పెట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. వేణుగోపాల్ పాపం అడ్డు చెప్పలేదు, డిస్కు తీసుకుని పెట్టాడు. ‘ఈ ఫైలును తెరవలేము’ అని కంప్యూటరు చెప్పింది. శివకుమార్ మళ్లీ పోయి తన కంప్యూటరునే మోటారు సైకిలు మీద ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. బయటి యంత్రాలు ఆఫీసు కరెంటుకు తగిలించరాదని అటెండరు గుమ్మంలోనే ఆపాడు. అప్పుడు వేణుగోపాల్ తానే బయటికి వచ్చి వరండా నీడలో నిలబడ్డాడు.

“సార్, రంగు తప్పు పడింది సార్. చేలన్నీ ఎండిపోయినాయి. అసలుది ఇందులో ఉండాది, ఒక్కసారి చూడండి సార్.”

“శివకుమార్, నీ మేలు కోరి చెబుతున్నా. పచ్చగా ఉన్నది ముందు వచ్చింది. ఎండినది తర్వాత వస్తోంది. పైవాళ్లు ఏమనుకుంటారు? రంగు తీసేసి తెచ్చినాడనుకుంటారు. పైగా అది మీ నాయన చేను అంట కదా?”

గమనించారా పాఠకులారా? అసలు ఎప్పుడూ అనుమానాస్పదమే. నకలుకు సంతకం ఉంది, నంబరు ఉంది, పైకి వెళ్లిన తేదీ ఉంది. అసలుకు ఏముంది? ఎండిన మొక్కలున్నాయి. ఎండిన మొక్కల మీద ఎవరైనా ముద్ర వేస్తారా?

“పోనీ ఊరికే రాండి సార్,” అన్నాడు శివకుమార్. “పన్నెండు కిలోమీటర్లు. నా బండి మీదనే తీసుకపోయి తెస్తా. ఒక్క మొక్క పీకి చూస్తే తెలిసిపోతాది.”

వేణుగోపాల్ ఎండ వైపు చూశాడు. ఉత్తర్వులో పీకడం లేదని చెప్పాడు. వారంలోగా రైతే వచ్చి అభ్యంతరం చెప్పుకోవచ్చనీ, విచారణ పెడతామనీ దయగా సెలవిచ్చాడు.

విచారణ రోజున ఈరప్ప ఉతికిన చొక్కా తొడుక్కుని కుంటుకుంటూ వచ్చాడు. ఎర్రదిన్నె నుంచి ఇంకో ఇరవై మంది వచ్చారు. మీటింగు హాలు కిటికీలు మూసి, గోడ మీద వీడియో వేశారు. గోడంత పచ్చదనం పరుచుకుంది. ఈరప్ప నోరు తెరుచుకుని చూశాడు. చూస్తున్నంతసేపు అతని ముఖంలో నిజంగానే సంతోషం కనబడింది.

“సార్, ఇది ఎవరి చేను సార్?” అన్నాడు. “శానా బాగా చేసినాడు. ఏం నీళ్లు కట్టినాడో, ఏం మందు కొట్టినాడో అడగల్ల.”

“నీదే ఈరప్పా. సర్వే నంబరు చూడు.”

“నాది కాదు సార్. నలభై ఏండ్లు దున్నినా, నా చేను నాకు తెలీదా?”

వేణుగోపాల్ ఓపిగ్గా బొమ్మను పెద్దది చేశాడు. ప్రాక్సీని పెద్దది చేస్తే ఏమవుతుంది? మొక్కలు పోయి చదరాలు వచ్చాయి. ఇంకా పెద్దది చేశాడు. ఇంకా పెద్ద చదరాలు వచ్చాయి. “చూడు, అన్నీ పచ్చ చదరాలే కదా” అన్నాడాయన.

ఈరప్ప చాలాసేపు ఆ చదరాల వంక చూశాడు. తర్వాత చేతులు జోడించాడు.

“అది నాదేనంటే, దోవ చూపియ్యండి సార్. ఈ పొద్దే పోయి బుడ్డలు పీక్కుంటా.”

హాలంతా నవ్వింది. వేణుగోపాల్ కూడా నవ్వాడు. నవ్వనివాడు శివకుమార్ ఒక్కడే. తండ్రి వెటకారం ఆడటం లేదని అతనికి తెలుసు. ఆ ముసలాయన నిజంగానే దారి అడిగాడు. శివకుమార్ లేచి నిలబడి అందరూ వినేటట్టు చెప్పాడు.

“ఈ వీడియో నేనే చేసినా సార్. తప్పు నాదే. పచ్చదనం నేను ఏసిందే.”

వేణుగోపాల్ తల ఊపుతూ అంతా రాసుకున్నాడు. ఒక్క మాట వదల్లేదు. పది రోజులకు ఈరప్ప పేర రిజిస్టరు పోస్టులో జవాబు వచ్చింది. నేను చదివాను, మీరూ చదవండి:

‘సదరు వీడియోను తానే స్వయంగా తయారు చేసినట్లు ఆపరేటరు విచారణలో ధ్రువీకరించినందునను, అందలి పచ్చదనమునకు తానే కారకుడనని అంగీకరించినందునను, అభ్యంతరము తెలిపిన రైతు తన పొలమును తానే గుర్తించలేకపోయినందునను, అభ్యంతరము తోసిపుచ్చడమైనది.’

చూశారా భాష! ఒక్క అక్షరం మసకగా లేదు.

పుష్యమాసంలో ఎర్రదిన్నె నుంచి రెండు లారీలు గుంటూరు వైపు కదిలాయి. శివకుమార్ లారీ దగ్గర తండ్రి చేయి పట్టుకుని వదల్లేదు. “నువ్వేం చేస్తావులేరా అప్పా, మోకాలికి పట్టీ కట్టుకున్నా, ఏం కాదు” అని ఈరప్పే కొడుకును ఓదార్చి, ఇద్దరు పైకి లాగితే లారీ ఎక్కాడు.

ఇది జరిగిన పదిహేను రోజులకు ఆఫీసు నుంచి శివకుమార్‌కు మళ్లీ పిలుపు వచ్చింది. ఎర్రదిన్నె నుంచి జనం వలస పోతున్నారని ఎవరో పత్రికలో రాశారట. నిజమో కాదో తేల్చమని పైనుంచి ఉత్తర్వు. ఊరి మీద డ్రోను తిప్పి వీడియో తీయాలి.

ఈసారి శివకుమార్ ప్రాక్సీ చేయలేదు. రంగు ముట్టుకోలేదు. ఆఫీసు కరెంటు అక్కర్లేని కొత్త ల్యాప్‌టాప్ అరువు తెచ్చి మరీ అచ్చమైన ఫోర్-కే లో తీసి ఇచ్చాడు. వేణుగోపాల్ వరండా నీడలో కూర్చుని ఆ ల్యాప్‌టాప్‌లో ఆసాంతం చూశాడు. కప్పులన్నీ ఉన్నాయి. ఒక్క ఇల్లు కూలలేదు. పెరళ్లలో రోళ్లున్నాయి, వాకిట్లో కోళ్లున్నాయి. ఊరు ఊళ్లోనే ఉందని నివేదిక వెళ్లింది.

కనుక మసక తప్పు కాదు పాఠకులారా! నేను మొదటినుంచీ మసకను వెనకేసుకొస్తున్నాను, ఇప్పుడూ వస్తాను. ఎంత ఖరీదైన డ్రోను తెచ్చినా, ఎన్ని ‘కే’లు పెట్టినా, తలుపుకు వేసిన తాళం ఆకాశంలోంచి కనబడదు. అది చూడాలంటే ఎవరో ఒకరు ఎండలో గడప దాకా నడిచి రావాలి. ఈరప్ప ఇంటి తాళంచెవి శివకుమార్ దగ్గర ఉంది, రమ్మంటే తెచ్చి చూపిస్తాడు.